అటానమస్ కాలేజీలో చేరితే పట్టా ఎవరిస్తారు?

ప్రశ్న: మా అమ్మాయికి విశాఖలో ఒక అటానమస్ ఇంజనీరింగ్ కాలేజీలో సీటొచ్చింది. పేపర్లు వాళ్లే ఇచ్చి వాళ్లే దిద్దుకుంటారట. ఆ పట్టా చెల్లుతుందా? (ఒక తండ్రి, గాజువాక)

జవాబు: చెల్లుతుందండీ. 1956 నాటి యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) చట్టం ప్రకారం పట్టా ఇచ్చే హక్కు యూనివర్సిటీలకు, డీమ్డ్ యూనివర్సిటీలకు (యూనివర్సిటీతో సమానంగా గుర్తింపు పొందిన సంస్థలకు), పార్లమెంటు ప్రత్యేకంగా అధికారమిచ్చిన సంస్థలకు మాత్రమే ఉంది. అటానమస్ కాలేజీ సిలబస్ తయారుచేసుకుంటుంది, పరీక్షలు పెడుతుంది, ఫలితాలిస్తుంది. పట్టా మాత్రం అనుబంధ యూనివర్సిటీదే, దాని మీద కాలేజీ పేరూ ఉంటుంది. రుషికొండలోని గీతం సంగతి వేరు. అది డీమ్డ్ కాబట్టి తన పట్టా తనే ఇస్తుంది.

ఫీజు కట్టేముందు ఆఫీసులో అటానమీ (స్వయంప్రతిపత్తి) ఇచ్చిన యూజీసీ ఉత్తర్వు చూపించమనండి. 2023 నిబంధనల్లో అటానమీ మొదట 10 ఏళ్లకిస్తారు, తర్వాత 5 ఏళ్లు పొడిగిస్తారు. గడువు ఏ సంవత్సరంతో ముగుస్తుందో చూడండి.

ఆ తర్వాత రెగ్యులేషన్స్ పుస్తకం అడిగి తీసుకోండి. ఇంటర్నల్ (సెమిస్టర్ మధ్యలో పెట్టే మిడ్ పరీక్షల వంటివి), ఎక్స్‌టర్నల్ (సెమిస్టర్ చివరి పరీక్ష) మార్కుల నిష్పత్తి, పై సంవత్సరానికి వెళ్లడానికి కావలసిన క్రెడిట్లు (ఒక్కో సబ్జెక్టు పాసైతే లెక్కలో చేరే పాయింట్లు), సప్లిమెంటరీ ఎప్పుడు పెడతారు, రీవాల్యుయేషన్‌కు ఎన్ని రోజుల గడువు... అన్నీ అందులోనే ఉంటాయి. పిల్లలు ఎక్కువగా దెబ్బతినేది ఇంటర్నల్స్‌లో. రీవాల్యుయేషన్ సాధారణంగా ఎక్స్‌టర్నల్‌కే ఉంటుంది. అందుకే మిడ్ పేపరు చేతికిచ్చిన రోజే లోపల ప్రశ్నప్రశ్నకూ వేసిన మార్కులు మొదటి పేజీ గడుల్లోకి సరిగా ఎక్కాయో లేదో అమ్మాయిని చూసుకోమనండి, మొత్తం కూడుకోమనండి. మార్కులు అప్‌లోడ్ అయ్యాక దిద్దించుకోవడం చాలా కష్టం.

ఇంకొకటి. కాలేజీ సిలబస్‌నూ యూనివర్సిటీ సిలబస్‌నూ పక్కపక్కన పెట్టి చూడండి. సిలబస్ ఖరారు చేసే కమిటీ అయిన బోర్డ్ ఆఫ్ స్టడీస్‌లో బయటి నిపుణులు, పరిశ్రమ నుంచి ఒకరు, పూర్వ విద్యార్థి ఒకరు ఉండాలి. ఉక్కు ఫ్యాక్టరీ, పోర్టు, షిప్‌యార్డు, రిఫైనరీ ఉన్న ఊళ్లో ఎలక్టివ్స్‌లో (విద్యార్థి ఎంచుకునే సబ్జెక్టుల్లో) వాటి జాడే లేకపోతే అక్కడ అటానమీ పరీక్షల విభాగం దాటి రాలేదనే మా అభిప్రాయం. ఆ స్వేచ్ఛ ఇచ్చిందే పాఠం మార్చుకోవడానికి.

ప్రశ్న: డిజీలాకర్‌లో ఏబీసీ (అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్, అంటే చదువులో వచ్చిన క్రెడిట్లు దాచే ఆన్‌లైన్ ఖాతా) ఐడీ తీసుకున్నాను. క్రెడిట్లు సున్నా చూపిస్తోంది. (డిగ్రీ విద్యార్థి, మద్దిలపాలెం)

జవాబు: ఐడీ అంటే ఖాతా తెరిచినట్టే. క్రెడిట్లు జమచేయాల్సింది మీ కాలేజీ లేదా యూనివర్సిటీ. వాళ్లు పంపినా పడలేదంటే ముందు పేరు చూసుకోండి. టెన్త్ మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉండి, ఆధార్‌లో ఒక్క అక్షరమే ఉంటే రికార్డు మీ ఖాతాకు జతపడకపోవచ్చు. ఆధార్‌ను టెన్త్ మెమో ప్రకారం సరిచేయించి, ఐడీ నంబరు పరీక్షల విభాగంలో రాతపూర్వకంగా ఇవ్వండి. క్రెడిట్లు గరిష్ఠంగా 7 ఏళ్లు నిల్వ ఉంటాయి. కాలేజీ మారితే మాత్రం కొత్తచోట సిలబస్ పోల్చి చూసి, మీరు చదవని పేపర్లు రాయమంటారు. పాత సిలబస్ కాపీ ఇప్పుడే దగ్గర పెట్టుకోండి.