లాడ్జి నడిపే ఆవిడ అపరాధ పరిశోధన చేయడం నమ్మదగ్గ కథేనా?

గుంతకల్లు రైల్వే స్టేషనుకు నడిచి వెళ్ళేంత దూరంలో 16 గదులున్న మా లాడ్జిని మామగారి తర్వాత 19 ఏళ్ళపాటు నేనే నడిపాను. అందువల్ల, రక్తపాతం లేకుండా, ఒక లాడ్జి యజమానురాలు చిన్నచిన్న ఆనవాళ్ళతో చిక్కుముడి విప్పే కోజీ మిస్టరీ నవలను అనంతపురం జిల్లా నేపథ్యంలో రాస్తే నమ్మదగ్గట్టుగా ఉంటుందా అని మీరు అడిగిన ప్రశ్నకు నా అనుభవం నుంచే జవాబు రాస్తున్నాను. నమ్మదగ్గట్టుగానే ఉంటుంది. అయితే ఆమె ఏమి చూడగలదో, ఏమి చేయలేదో రెండూ మీకు స్పష్టంగా తెలిసి ఉండాలి. నా దృష్టిలో రెండోదే నవలకు ప్రాణం.

రిజిస్టరుతో మొదలుపెట్టండి. వచ్చిన మనిషి పేరు, ఊరు, ఎక్కడి నుంచి వచ్చాడు, ఎక్కడికి పోతాడు, ఏ పని మీద వచ్చాడు, వెంట ఎంతమంది ఉన్నారు, దిగిన వేళ, ఖాళీ చేసిన వేళ, సంతకం, ఇవన్నీ ఒకే వరుసలో ఉంటాయి. ఏ గడికి ఆ గడి చూస్తే ఏమీ తెలియదు, పక్కపక్కన పెట్టి చదివితేనే మనిషి కనిపిస్తాడు. రాయచూరు, బళ్ళారి, డోన్, గుత్తి వైపుల నుంచి రైళ్ళు వచ్చి కలిసే జంక్షను కాబట్టి మా దగ్గర అర్ధరాత్రి దాటాక దిగేవాళ్ళూ, తెల్లవారుజామున మూడింటికి లేపమని చెప్పి పడుకునేవాళ్ళూ ఎప్పుడూ ఉండేవారు. బళ్ళారి నుంచి రైల్లో వచ్చానని చెప్పే మనిషి, ఆ వైపు నుంచి ఏ బండీ రాని వేళలో కౌంటరు ముందు నిలబడితే నాకు ఇట్టే తెలిసిపోయేది. రిజిస్టరు తనిఖీకి వచ్చే ఒక పెద్ద వయసు హెడ్ కానిస్టేబులు, "ఊరి పేరు అబద్ధమైనా గబగబా రాసేస్తారమ్మా, సంతకం కాడనే చెయ్యి ఆగుతుంది" అని ఒకసారి నాతో అన్నారు. ఆ తర్వాత వాళ్ళు రాసిన అక్షరాల కంటే రాసే చేతినే నేను ఎక్కువగా గమనించేదాన్ని. అందుకే మీ నవలలో పోలీసులను తెలివితక్కువవాళ్ళుగా చూపించవద్దని నా మనవి. సత్రం నడిపేవాళ్ళకూ పోలీసులకూ సంబంధం ఈనాటిది కాదు. 1867 నాటి సరాయిల చట్టమే, సత్రంలో ఎవరైనా అంటురోగంతో మరణిస్తే దగ్గరి పోలీసు స్టేషనుకు వెంటనే తెలియజేసే బాధ్యతను నిర్వాహకుడి మీద పెట్టింది.

ఇక కాలం. కథను జూన్ నెలలో, తొలకరి పడిన వారంలో పెట్టండి. మా వైపు వజ్రకరూరు చుట్టుపక్కల చేలలోనూ, కర్నూలు జిల్లా వైపు తుగ్గలి, మద్దికెర మండలాల్లోనూ, జొన్నగిరిలోనూ వాన వెలిసిన మరునాటి నుంచి జనం తలలు వంచుకుని వజ్రాల కోసం వెతకడం మీరు వినే ఉంటారు. వజ్రకరూరు ప్రాంతంలో భూమి లోతుల నుంచి వజ్రాలను మోసుకుంటూ పైకి వచ్చిన కింబర్లైటు అనే శిల ఉంది. అది ఏళ్ళ తరబడి శిథిలమై మట్టిలో కలిసిపోగా, వాన పైమట్టిని కడిగేసినప్పుడు బరువైన రాళ్ళు మిగిలి పైకి కనబడతాయి. ఆ రోజుల్లో లాడ్జి గదులు నిండిపోయేవి. ఎప్పుడూ వచ్చే కసాపురం ఆంజనేయస్వామి భక్తులు, విత్తనాల కంపెనీల వాళ్ళు, రైల్వే పని మీద వచ్చేవాళ్ళు ఒక వైపు, అప్పు చేసి అన్నం మూట కట్టుకుని ఆశతో వచ్చినవాళ్ళు ఇంకొక వైపు. ఎవరికి ఏమి దొరికిందో ఎవరూ నోరు విప్పి చెప్పరు. ఇంత ఆశ, ఇంత గుట్టు ఒకే కప్పు కింద చేరిన చోట హత్య లేకుండానే నవల నడుస్తుంది.

నాకు ఎదురైన సంఘటనను కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే నేను చేసిన తప్పు కూడా అందులోనే ఉంది. ఒక జూన్‌లో మేనమామ, మేనల్లుడు కలిసి వచ్చి ఏడో నంబరు గదిలో దిగారు. మూడో రోజు పొద్దున్నే మామ కిందికి వచ్చి, అగ్గిపెట్టెలో దాచిన రాయి పోయిందని, తెల్లవారుజామున నీళ్ళ బకెట్టు తెచ్చిన రూంబాయ్ తప్ప గదిలోకి ఎవరూ రాలేదని గట్టిగా అరిచాడు. నాలుగు గదుల వాళ్ళు వరండాలోకి వచ్చారు. "నేను తీయలేదక్కా, మా అమ్మ మీద ఒట్టు" అని ఆ పిల్లవాడు చెబుతూనే ఉన్నాడు. నేను అందరి ముందు వాడి సంచి తెప్పించి కౌంటరు మీద కుమ్మరించాను. రెండు చొక్కాలు, ఒక దువ్వెన, కసాపురం సిందూరం పొట్లం, ఇంటికి పంపడానికి మడిచిపెట్టిన డబ్బు. ఆ సంచి తెరిచే అధికారం నాకు ఏ చట్టమూ ఇవ్వలేదు, అయినా తెరిచాను, ఎందుకంటే అతిథి గదిని వెతికే ధైర్యం నాకు లేదు, జీతగాడి సంచిని వెతకడానికి ధైర్యమే అక్కరలేదు. ఈ మాట రాయడానికి ఇప్పటికీ నాకు కష్టంగా ఉంది.

మధ్యాహ్నం మేడ మీదికి పోతూ ఏడో గది ముందు విడిచిన చెప్పులు చూశాను. వానాకాలంలో బురద చెప్పులు గది బయటే విడవాలన్నది మా లాడ్జి నియమం. ముందురోజు సాయంత్రం ఆ రెండు జతలకూ ఎర్రమట్టే ఎండి అంటుకుని ఉండగా నేను చూశాను, వాళ్ళు తిరిగిన చేలన్నీ ఎర్రనేలలే. ఇప్పుడు చిన్నవాడి చెప్పుల అడుగున ఆ ఎర్రమట్టి మీద నల్లటి మట్టి పట్టు వేసినట్టు అంటుకుని ఉంది. రాత్రి 11 గంటలకు కింద గేటుకు తాళం పడితే నాలుగింటి వరకు మమ్మల్ని అడిగి తీయించుకోకుండా ఎవరూ బయటకు పోలేరు, ఆ రాత్రి వాన కూడా లేదు. మా లాడ్జిలో నల్లరేగడి ఉన్నది ఒక్క చోటే. మిద్దె మీద తులసి, మల్లె కుండీలకు పుట్టింటి నుంచి తెప్పించి పోయించిన మట్టి అది; సాయంత్రం నీళ్ళు పోసింది కూడా నేనే.

అక్కడ నేను అరవలేదు, నింద వేయలేదు, ఒకసారి వేసిన నింద ఏమిటో పొద్దున్నే చూశాను కదా. కౌంటరు దగ్గర అందరికీ వినబడేటట్టు, "సాయంత్రం కూలీ వస్తాడు, కుండీల్లో మట్టంతా మార్పించాల" అని మాత్రం అన్నాను. గంట గడవక ముందే చిన్నవాడు మిద్దె ఎక్కాడు. దుప్పట్లు ఆరేసిన తీగ దగ్గర నిలబడి ఉన్న నన్ను చూసి, మల్లె కుండీలోంచి తీసిన పొట్లాన్ని చేతిలో పట్టుకునే, "మా మామకు చెప్పొద్దమ్మా" అన్నాడు. సగం వాటా ఇవ్వాల్సి వస్తుందని వేరే వ్యాపారికి ఒక్కడే అమ్ముకోవాలనుకున్నాడట. నేను చెప్పలేదు గానీ, అతనే చెప్పుకునేదాకా మిద్దె దిగనివ్వలేదు.

ఈ సంఘటన నుంచి మీ నవలకు పనికివచ్చేవి కొన్ని ఉన్నాయి. లాడ్జి ఆవిడ ఎవరి గదీ వెతకడానికి వీల్లేదు, ఎవరినీ నిలదీసి ప్రశ్నించడానికీ వీల్లేదు, రహస్యం బయటికి పొక్కితే మరునాడు గదులు ఖాళీ అవుతాయి. అందుకని ఆమె తనకు హక్కున్న వస్తువులతోనే, అంటే తాళంచెవుల బోర్డు, దుప్పట్లు, నీళ్ళ బకెట్లు, కుండీలు, వీటితోనే ఆలోచించాలి. 1929లో ఆంగ్ల రచయిత రోనాల్డ్ నాక్స్ అపరాధ పరిశోధక కథలకు పెట్టిన పది నియమాల్లో, పరిశోధకుడికి దొరికిన ఆధారాన్ని పాఠకుడికి దాచకూడదన్నది ఒకటి. దాన్ని తప్పకుండా పాటించండి. నా కథనే రాస్తే, ఆవిడ కుండీలకు నీళ్ళు పోయడమూ, పుట్టింటి మట్టి గురించి ఎవరితోనో ముచ్చటించడమూ రాయి పోకముందే, మామూలు సాయంత్రపు పనిలాగా వచ్చిపోవాలి. మన ప్రాంతపు పాఠకుడు ఎర్రనేలకూ నల్లరేగడికీ తేడా చెప్పకుండానే ఎరుగును, కాబట్టి వివరించి పాడుచేయవద్దు.

దొంగ దొరికిన పేజీతో నవలను ఆపేయవద్దని మాత్రం గట్టిగా కోరుతున్నాను. ఈ తరహా నవలల్లో చివరికి అందరూ మళ్ళీ కాఫీ తాగుతూ కూర్చుంటారు, పాఠకులకు ఆ ఊరట కావాలి, నేను కాదనను. కానీ మధ్యలో అనుమానం మోసినవాడికి కూడా ఒక అధ్యాయం ఇవ్వండి. మా రూంబాయ్‌ను నేను ఆ సాయంత్రమే, సంచి కుమ్మరించిన కౌంటరు దగ్గరే, అవే గదుల వాళ్ళ ముందు క్షమించమని అడిగాను. "పర్వాలేదక్కా" అన్నాడు. నెలాఖరు దాకా బకెట్లు మోశాడు, గదుల్లోకి మాత్రం పోకుండా గడప దగ్గరే పెట్టి వచ్చేవాడు. జీతం తీసుకున్న మరునాడు బళ్ళారి బండి ఎక్కాడు.