సైన్స్ క్లాసులో కేస్ స్టడీ వల్ల నిజంగా లాభం ఉందా?

డిగ్రీ పిల్లలకి కేస్ స్టడీలతో, అంటే నిజంగా జరిగిన ఒక సంఘటనను తీసుకుని చర్చించడంతో, ఆలోచించడం నేర్పొచ్చా అని అడిగారు. నేర్పొచ్చు, కానీ జవాబు ముందే చెప్పేస్తే అది ఉత్త కథ అయిపోతుంది.

వియన్నా ఆసుపత్రి కేసు తీసుకోండి. 1846లో అక్కడ వైద్య విద్యార్థులు పురుళ్లు పోసే మొదటి వార్డులో సుమారు 11 శాతం తల్లులు చనిపోయారు, మంత్రసానులు చూసే రెండో వార్డులో 3 శాతం లోపే. ముందు ఈ రెండు అంకెలే బోర్డు మీద రాసి ఆగండి. కారణం రద్దీ అంటారు పిల్లలు, గాలి అంటారు. రద్దీ రెండో వార్డులోనే ఎక్కువ, గాలి రెండింటికీ ఒకటే, మరి ఎలా అని అడగండి. ఏ ఊహనైనా వాళ్లే పరీక్షించి వాళ్లే కొట్టేయాలి, ఎంత టైమ్ పట్టినా సరే, ఇక్కడ మాత్రం తొందరపడొద్దు. ఆ తర్వాతే 1847లో శవపరీక్ష చేస్తూ వేలికి కత్తి గాటు పడ్డ ఒక డాక్టరు ఆ తల్లుల లాంటి లక్షణాలతోనే చనిపోయాడని, మొదటి వార్డు విద్యార్థులు శవపరీక్షలు చేసి అట్నుంచే పురుళ్లు పోయడానికి వచ్చేవారని చెప్పండి. అక్కడి డాక్టరు సెమ్మెల్‌వైస్ వాళ్లచేత క్లోరిన్ నీళ్లతో చేతులు ఎందుకు కడిగించాడో అప్పుడు ఎవరో ఒకరు తామే చెప్తారు.

ఒక్క ప్రశ్న మాత్రం వదలొద్దు: మీ ఊహ తప్పని తేలాలంటే ఏం కనపడాలి?