ముందు బ్యాంకు, తర్వాత పాటలు, ఆ తర్వాతే కంప్యూటర్

ప్రశ్న: అమ్మా, నమస్కారం. నేను తెలుగు ఉపాధ్యాయుడిగా పనిచేసి పదవీ విరమణ పొందాను. చుట్టుపక్కల పల్లెల్లో పెద్దవయసు ఆడవాళ్ల దగ్గర కూర్చుని మూడేళ్లుగా బతుకమ్మ పాటలు సేకరిస్తున్నాను. దాదాపు రెండు వందల పాటలు, వాళ్లు పాడిన రికార్డింగులు కంప్యూటర్‌లో ఉన్నాయి. మొదట్లో టైపు చేసినవి పాత పద్ధతి అను ఫాంట్లలో ఉన్నందున వాటిని ఏ కంప్యూటర్‌లోనైనా, ఫోనులోనైనా కనిపించే యూనికోడ్ తెలుగులోకి మార్చే సాధనం కోసం వెతికి, ఒక వెబ్‌సైట్‌లో పచ్చరంగు డౌన్‌లోడ్ బటన్ నొక్కాను. అప్పటి నుంచి కంప్యూటర్ తెరవగానే ఎర్ర డాలు బొమ్మ వచ్చి 847 వైరస్‌లు ఉన్నాయని చెబుతోంది. తొలగించడానికి రూ.2,999 కట్టాలట. తీసేసినా మర్నాటికి మళ్లీ వస్తోంది. కింద కుడి మూలన కూడా హెచ్చరికలు వస్తూనే ఉన్నాయి. మొన్న తెర మొత్తం నీలంగా మారి ఒక ఫోను నంబరు కనిపిస్తే భయపడి ఫోను చేశాను. అవతలి మనిషి ఎంతో మర్యాదగా హిందీలో మాట్లాడుతూ ఒక యాప్ వేయించాడు. తెర మీద బాణం గుర్తు దానంతట అదే కదిలింది. నెట్ బ్యాంకింగ్ తెరవమన్నాడు. యూజర్ పేరు, పాస్‌వర్డ్ కొట్టాను. ఓటీపీ చెప్పమన్నప్పుడు అనుమానం వచ్చి కరెంటు తీగ పీకేశాను. పది నిమిషాలు గడిచి ఉంటాయి. డబ్బు పోలేదు. ఇక్కడి షాపులో ఫార్మాట్ చేయక తప్పదంటున్నారు. పాటలు పోతాయా? ఇంట్లో ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు.
– పేరు వద్దన్న పాఠకుడు, పరకాల

జవాబు: సార్, ఓటీపీ చెప్పకుండా తీగ పీకారు కాబట్టే ఇవాళ మనం పాటల గురించి మాట్లాడుకోగలుగుతున్నాం. మీ పాటలు ఎక్కడికీ పోలేదు. వాటి సంగతి చెబుతాను కానీ, బ్యాంకు పాస్‌వర్డ్ ఇంకా మార్చకపోయి ఉంటే పత్రిక పక్కన పెట్టి ముందు ఆ పని చేయండి.

ఆ కంప్యూటర్‌ను మాత్రం తాకకండి. ఫోను నుంచే చేయండి. డెబిట్ కార్డు వెనుక ఉన్న నంబరుకు ఫోను చేసి నెట్ బ్యాంకింగ్‌ను తాత్కాలికంగా ఆపమనండి, లేదా నేరుగా మీ శాఖకు వెళ్లండి. కస్టమర్ కేర్ నంబరు కోసం గూగుల్‌లో వెతకకండి, అక్కడ కూడా దొంగ నంబర్లు పెట్టి కాచుకుని ఉంటారు. పాస్‌వర్డ్ మార్చాక, డబ్బు పంపడానికి చేర్చిన ఖాతాల జాబితాలో కొత్త పేరు ఏదైనా ఉందేమో చూడండి. ఈమెయిల్ పాస్‌వర్డ్ కూడా మార్చండి. తొందర పెట్టడానికి కారణం ఉంది. రిజర్వు బ్యాంకు 2017 జులై 6న ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం, పాస్‌వర్డ్ మనమే బయటపెట్టినప్పుడు బ్యాంకుకు తెలియజేసే దాకా జరిగిన నష్టం మనది, తెలియజేశాక జరిగేది బ్యాంకుది. ఖాతాలోంచి ఒక్క రూపాయి కదిలినా ఆ నిమిషమే సైబర్ నేరాల సహాయ నంబరు 1930కి ఫోను చేయాలి. డబ్బు పోకపోయినా, మీరు మాట్లాడిన నంబరును జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో నమోదు చేయవచ్చు.

ఇంట్లో కూడా ఇవాళే చెప్పండి సార్. మీ ఫోను నంబరు వాళ్ల దగ్గర ఉంది. ఈసారి బ్యాంకు అధికారిననో, మీకు డబ్బు వాపసు ఇస్తామనో ఫోను చేస్తారు. మీరు స్నానానికి వెళ్లినప్పుడు అమ్మగారు ఆ ఫోను ఎత్తవచ్చు, సంగతి తెలియకపోతే ఆమె ఏం చెప్పగలరు? ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. వైద్యులూ బ్యాంకు ఉద్యోగులూ కూడా ఇదే ఫిర్యాదుతో నా బల్ల ముందు కూర్చున్నారు.

ఇక ఆ 847 సంగతి. హనుమకొండలో నేను షాపు పెట్టిన కొత్తలో, 2009లో, ఎనుమాముల మార్కెట్‌లో పత్తి వ్యాపారం చేసే ఒకాయన సీపీయూను తువ్వాలులో చుట్టి ఆటోలో తెచ్చారు. కొనుగోళ్ల లెక్కలన్నీ అందులోనే ఉన్నాయి. అందులోనూ ఇలాంటి డాలే కూర్చుని 312 వైరస్‌లు అంటోంది. నేను ఇంటర్నెట్ తీగ తీసేసి దాన్ని నడిపించాను. నలభై సెకన్లలో 312 చూపింది. తర్వాత ఆ ప్రోగ్రాంను, అప్పుడే విండోస్ వేసిన ఖాళీ డిస్కు మీద నడిపించాను. అందులో ఒక్క ఫొటో లేదు, ఒక్క ఉత్తరం లేదు. అక్కడా 312 అనే చెప్పింది. ఒక్కటి తగ్గలేదు. అది దేన్నీ వెతకడం లేదని, ఆ అంకె దాని లోపలే రాసిపెట్టి ఉందని ఆయనకు తెర మీద చూపించాను. అప్పటికే డబ్బు కట్టేశారాయన. చాలాసేపు మాట్లాడలేదు.

పెద్ద కంపెనీల మీద కూడా ఇలాంటి ఫిర్యాదులు వచ్చాయి. అమెరికాలో ఆఫీస్ డిపో అనే దుకాణాల సంస్థ, సపోర్ట్ డాట్ కామ్ అనే సంస్థ కలిసి కంప్యూటర్లకు ఉచిత ఆరోగ్య పరీక్ష చేసేవి. పరీక్షకు ముందు ‘కంప్యూటర్ నెమ్మదించిందా, హెచ్చరికలు వస్తున్నాయా’ వంటి నాలుగు ప్రశ్నలు ఉండేవి. వాటిలో ఒక్కదానికి టిక్కు పెట్టినా చాలు, లోపల ఏమీ లేకపోయినా వైరస్ లక్షణాలు ఉన్నాయని ఫలితం వచ్చేదని అక్కడ వినియోగదారుల రక్షణ చూసే ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆరోపించింది. 2019లో ఆ రెండు సంస్థలు కలిపి 3.5 కోట్ల డాలర్లు చెల్లించి కేసు పరిష్కరించుకున్నాయి.

ఇప్పుడు పాటలు. ఇంటర్నెట్ తీగ గానీ వైఫై గానీ కలపకుండా కంప్యూటర్ తెరవండి. ఎర్ర డాలు ఎంత అరిచినా పట్టించుకోకండి. రెండు పెన్‌డ్రైవ్‌లు తీసుకుని పాటలున్న వర్డ్ ఫైళ్లు, పేజ్‌మేకర్ ఫైళ్లు, రికార్డింగులు, ఫొటోలు రెండింటిలోకీ కాపీ చేయండి. పేరు చివర ‘ఈఎక్స్‌ఈ’ (.exe) ఉన్న ఫైలు, అంటే ప్రోగ్రాం, మాత్రం ఒక్కదాన్నీ తీసుకోవద్దు. కాపీ అయ్యాక నాలుగైదు పాటలు పెన్‌డ్రైవ్‌లోంచే తెరిచి చూడండి, రెండు రికార్డింగులు వినండి. పాడిన వాళ్లలో కొందరు ఇప్పుడు లేకపోవచ్చు, ఆ గొంతులు మళ్లీ దొరకవు. అందుకే రెండు పెన్‌డ్రైవ్‌లు అంటున్నాను.

ఆ తర్వాత శుభ్రం చేద్దాం. మీ దగ్గర నిజానికి మూడు వేర్వేరు బాధలు ఉన్నాయి, అన్నీ ఒకటే అనుకోవడం వల్ల ఎంత తీసినా పోవడం లేదనిపిస్తోంది.

మొదటిది ఆ డాలు. అది నిజంగానే లోపల కూర్చున్న ప్రోగ్రాం. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో దాని పేరు మీద మౌస్ కుడి బటన్ నొక్కి, ఫైలు ఉన్న చోటు తెరవమంటే ఫోల్డర్ కనిపిస్తుంది. ఆ ఫోల్డర్ పేరు కాగితం మీద రాసుకుని, ప్రోగ్రాంను అక్కడే ఆపండి. తర్వాత సెట్టింగ్స్‌లో యాప్స్ జాబితా తెరిచి, వేసిన తేదీ ప్రకారం అమర్చండి. పచ్చ బటన్ నొక్కిన రోజు మీకు గుర్తుంటుంది కదా, ఆ రోజున వచ్చినవి వరుసగా కనిపిస్తాయి. సాధారణంగా అది ఒంటరిగా రాదు, రెండు మూడు తోడు తెచ్చుకుంటుంది. మీరు కోరి వేసుకోనివన్నీ అన్‌ఇన్‌స్టాల్ చేయండి. ఫోనులో మాట్లాడిన ఆ మనిషి కంప్యూటర్‌లో వేయించిన యాప్‌ను అన్నిటికంటే ముందు తీసేయండి. తీసేటప్పుడు ‘మీ కంప్యూటర్‌కు రక్షణ పోతుంది, సగం ధరకే ఇస్తాం’ అంటూ బతిమాలే పెట్టెలు వస్తాయి. వాటిలో పెద్దగా మెరిసే బటన్ ఉంచుకోవడానికి, పక్కన సన్నగా ఉన్నది తీసేయడానికి. నిదానంగా చదివి నొక్కండి.

తీయడానికి వీల్లేదని మొండికేస్తే సేఫ్ మోడ్‌లోకి వెళ్లాలి. షిఫ్ట్ నొక్కి పట్టుకుని రీస్టార్ట్ కొట్టండి. ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, స్టార్టప్ సెట్టింగ్స్ మీదుగా వెళ్లి మళ్లీ రీస్టార్ట్ చేశాక 4 నొక్కితే, విండోస్ తన అవసరాలు మాత్రమే పెట్టుకుని లేస్తుంది. అక్కడ మామూలుగా డాలు లేవదు, తీయడం సులువు.

మర్నాటికి ఎందుకు తిరిగి వస్తోందంటే, పోతూ పోతూ టాస్క్ షెడ్యూలర్‌లో ఒక పని పెట్టి వెళ్లి ఉంటుంది, రోజూ ఫలానా వేళకు నన్ను మళ్లీ లేపమని. స్టార్ట్ మెనూలో టాస్క్ షెడ్యూలర్ అని కొట్టి తెరవండి. ఎడమవైపు లైబ్రరీ మీద నొక్కితే పనుల జాబితా వస్తుంది. ఒక్కొక్కటీ ఏ ఫైలును నడిపిస్తోందో ‘యాక్షన్స్’ దగ్గర ఉంటుంది. మీరు కాగితం మీద రాసుకున్న ఫోల్డర్ పేరు ఎక్కడ కనిపిస్తే ఆ పనిని తొలగించండి. షాపుల్లో చాలామంది ఇది చూడరు. చూడకపోతే ఫార్మాట్ ఒక్కటే దారిగా తోస్తుంది.

ఇప్పుడు నెట్ కలపవచ్చు. విండోస్ సెక్యూరిటీ తెరిచి ముందు అప్‌డేట్ చేయండి. తర్వాత స్కాన్ ఆప్షన్స్‌లో మైక్రోసాఫ్ట్ డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్ ఎంచుకోండి. కంప్యూటర్ ఆగి, విండోస్ లేవకముందే వెతుకుతుంది. పావుగంట పడుతుంది. డిఫెండర్ విండోస్ 8 నుంచి లోపలే వస్తోంది, దానికి డబ్బు కట్టనక్కర్లేదు. మరో అభిప్రాయం కావాలంటే మైక్రోసాఫ్ట్ సేఫ్టీ స్కానర్‌ను వాళ్ల సొంత వెబ్‌సైట్ నుంచే దించుకోండి. పది రోజుల తర్వాత అది పనిచేయదు, మళ్లీ కావాలంటే కొత్తది దించుకోవాలి. పెన్‌డ్రైవ్‌లను కూడా అప్పుడే స్కాన్ చేయండి. ఒకవేళ నెట్ కలిపినా పేజీలు తెరుచుకోకపోతే, సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ కింద ప్రాక్సీ (నెట్‌ను మరో కంప్యూటర్ మీదుగా మళ్లించే ఏర్పాటు) ఆన్‌లో ఉందేమో చూసి ఆపేయండి. ఇలాంటివి దాన్ని మార్చి పోవడం మామూలే.

రెండో బాధ, మూలన వచ్చే హెచ్చరికలు. అవి వైరస్ కాదు. ఏదో పేజీ ‘మీరు రోబో కాదని తెలియడానికి అలో నొక్కండి’ అని అడిగి ఉంటుంది, మీరు నొక్కి ఉంటారు. క్రోమ్ సెట్టింగ్స్‌లో ప్రైవసీ, సైట్ సెట్టింగ్స్, నోటిఫికేషన్స్ వరుసలో వెళ్లి, అనుమతి ఉన్న తెలియని పేర్లన్నీ తొలగించండి. అంతే.

మూడోది ఆ నీలం తెర. అది ఒట్టి వెబ్‌పేజీ సార్, తెరంతా పరుచుకుని విండోస్‌లా కనిపిస్తుంది. ఎస్కేప్ మీటను కాసేపు నొక్కి పట్టుకుంటే చిన్నదవుతుంది, ఆల్ట్‌తో ఎఫ్4 నొక్కితే మూసుకుంటుంది. మైక్రోసాఫ్ట్ నిజమైన హెచ్చరికల్లో ఫోను నంబరు ఎన్నడూ ఉండదు.

ఫార్మాట్ సంగతికి వస్తే, డాలు కోసమైతే అక్కర్లేదు. కానీ పది నిమిషాలు పరాయి మనిషి లోపల ఉన్నాడు. అతను ఏం తాకాడో మనకు పూర్తిగా కనిపించదు. మీరు ఆ కంప్యూటర్‌లో పాటలు టైపు చేసుకోవడమే చేస్తే పైవన్నీ చేసి నిశ్చింతగా వాడుకోండి. బ్యాంకు పని కూడా అందులోనే చేయాలనుకుంటే మాత్రం, పాటలు రెండు చోట్ల భద్రమయ్యాక, విండోస్‌ను మొదటి నుంచి వేయించుకోండి. మా నాన్నగారి కంప్యూటరైనా నేను అదే చేస్తాను. పనిలో పని, అది విండోస్ 10 అయితే దానికి మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. కొత్తగా వేయించేటప్పుడు ఆ యంత్రం విండోస్ 11కు పనికి వస్తుందేమో అడగండి.

ఇంతకీ మీరు వెతికిన సాధనం: అను నుంచి యూనికోడ్‌లోకి మార్చడానికి ఏదీ దించుకోనక్కర్లేదు. పాఠ్యాన్ని పేజీలో అతికిస్తే అక్కడికక్కడే మార్చి ఇచ్చే వెబ్‌పేజీలు ఉన్నాయి. మొదట ఒక్క పాటతో చూడండి. ఒత్తులు, అరసున్నలు కొన్ని తారుమారవుతాయి, వాటిని సరిదిద్దడానికి తెలుగు సార్ కంటే తగినవారు ఎవరుంటారు?

ప్రశ్న: మా అమ్మ ఫోనులో రోజూ ‘ఫోనులో వైరస్ ఉంది, శుభ్రం చేయండి’ అని వస్తోంది. ఒక క్లీనర్ యాప్ వేశాం, ఇంకా ఎక్కువైంది. ఏం చేయాలి?
– ఒక విద్యార్థిని, మంచిర్యాల

జవాబు: ముందు ఆ క్లీనర్‌ను తీసేయమ్మా, కొత్త ప్రకటనలు దాని నుంచే వస్తుండవచ్చు. తర్వాత క్రోమ్ సెట్టింగ్స్‌లో నోటిఫికేషన్స్‌కు వెళ్లి, పైన సార్‌కు చెప్పినట్టే తెలియని వెబ్‌సైట్ల అనుమతులు తొలగించు. ప్లే స్టోర్‌లో కుడివైపు పైన మీ అమ్మ బొమ్మ నొక్కితే యాప్‌లను తనిఖీ చేసే ప్లే ప్రొటెక్ట్ కనిపిస్తుంది, దాంతో ఒకసారి స్కాన్ చేయి. ప్లే స్టోర్ బయటి నుంచి, వాట్సాప్‌లో వచ్చిన ఫైలు ద్వారా వేసిన యాప్ ఏదైనా ఉంటే అదీ తీసేయాలి. అమ్మ ఫోనులో యూపీఐ ఉంటే, ఇదంతా అయ్యాక పిన్ మార్చించు.