డబ్బా అలమరలోనే ఉంచొద్దు బిడ్డా

చిరంజీవి మేనల్లుడికి మలక్‌పేట నుంచి అత్త ఆశీస్సులు.

డాక్టర్ రాసిన మలపరీక్షకు మీ అమ్మ ఒప్పుకోవట్లేదని, ల్యాబ్ వాళ్లిచ్చిన డబ్బా పది రోజులుగా అలమరలోనే ఉందని నిన్న ఫోన్లో చెప్పావు. అప్పటినుంచి నాకు మనసు మనసులో లేదు. ముప్పై ఏళ్లు ల్యాబ్‌లో పనిచేసినదాన్ని. ఫోన్లో చెప్తే సగం మరిచిపోతావని రాస్తున్నా.

"నాకు రక్తం పడట్లేదు కదా, ఎందుకు" అంటోందట వదిన. కంటికి కనబడని రక్తం కోసమే ఈ పరీక్ష అని చెప్పు. పెద్దపేగులో పాలిప్ అనే కండ పెరిగితే, మలం దాన్ని రాసుకుంటూ వెళ్లేటప్పుడు కొద్దికొద్దిగా రక్తం కలుస్తుంది. నొప్పి ఉండదు. అది క్యాన్సర్‌గా మారడానికి చాలామందిలో పదేళ్ల దాకా పడుతుంది. ఆలోపు దొరికితే తీసేస్తారు, అక్కడితో పోతుంది.

ఏ పద్ధతిలో చేస్తారో ల్యాబ్‌కు ఫోన్ చేసి అడుగు. ఫిట్ (FIT) అనే కొత్త పద్ధతి అయితే మనిషి రక్తాన్నే పట్టుకుంటుంది, పథ్యం అక్కర్లేదు. పాత గ్వాయక్ పద్ధతి అయితే మూడు రోజుల ముందు నుంచి మటన్ మానాలి, లేకపోతే ఆ మాంసంలోని రక్తం కూడా పాజిటివ్ చూపిస్తుంది. విటమిన్ సి మాత్రలు, ఉసిరి కూడా వద్దు, ఇవి రక్తం ఉన్నా లేనట్టు చూపిస్తాయి. ఈ పాత పద్ధతికి మూడు వేర్వేరు రోజుల నమూనాలు ఇవ్వాలి. రక్తం పలచబడే మాత్రలు మాత్రం డాక్టర్‌ను అడగకుండా ఆపొద్దు.

నమూనాకు కమోడ్ నీళ్లు, మూత్రం తగలకూడదు. పేపరో, శుభ్రమైన ప్లాస్టిక్ కవరో పరిచి, దాని మీద పడినదాంట్లో నాలుగైదు చోట్ల పుల్లతో గీకి తీయమను. మొలల నుంచి రక్తం కారుతుంటే ఆ రోజుల్లో తీయొద్దు, డాక్టర్‌కు చెప్పు. తీసిన వెంటనే ల్యాబ్‌కు నువ్వే తీసుకెళ్లు. మే నెల ఎండలో స్కూటర్ డిక్కీలో డబ్బా పెట్టుకుని ఊరంతా తిరిగి సాయంత్రం తెచ్చేవాళ్లను ఎంతమందిని చూశానో! వేడికి రక్తంలోని హిమోగ్లోబిన్ పాడైపోతుంది, రక్తం ఉన్నా రిపోర్టు నెగటివ్ రావొచ్చు.

ఇప్పుడు అసలు విషయం. పాజిటివ్ వస్తే భయపడొద్దు, ఎక్కువమందిలో క్యాన్సర్ ఉండదు. కానీ ఆగొద్దు. ఇంకో ల్యాబ్‌లో మళ్లీ చేయించి చూద్దాం అనుకోవద్దు, కొలనోస్కోపీకే, అంటే కెమెరా ఉన్న గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్షకే వెళ్లాలి. నా 58వ ఏట పాజిటివ్ వస్తే, "మొలలే" అని నాకు నేనే సర్దిచెప్పుకుని ఏడు నెలలు ఊరుకున్నా. అన్నీ తెలిసినదాన్నే! చివరికి చేయిస్తే రెండు సెంటీమీటర్ల పాలిప్ దొరికింది. కణాలు క్యాన్సర్ వైపు మారడం మొదలైందన్నారు. ఇంకో ఏడాది ఊరుకుని ఉంటే ఏమయ్యేదోనని ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది.

నెగటివ్ వచ్చినా ఏటేటా చేయించాలి, పాలిప్ ప్రతిరోజూ రక్తం కార్చదు. ఈలోపు మలంలో రక్తం కనబడినా, బరువు తగ్గినా, మోషన్ తీరు మారినా పరీక్ష కోసం చూడకుండా డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

నీకూ 45 నిండాయి కదా. అమెరికాలో ఈ పరీక్షలు మొదలుపెట్టే వయసును 2021లో 50 నుంచి 45కు తగ్గించారు. మీ అమ్మకు ఏదైనా బయటపడితే నీకు డబ్బా చాలదు, నేరుగా కొలనోస్కోపీ గురించే అడగాలి.

వదిన సిగ్గుపడితే నాకు ఫోన్ ఇవ్వు, నేను మాట్లాడతా. ఆదివారం వస్తున్నా, ఆలోపు డబ్బా ల్యాబ్‌కు చేరాలి.

మీ అత్త