నార్త్ అమెరికన్ రివ్యూ: ఒక పాత పత్రిక కథ

ప్రశ్న: విశ్వవిద్యాలయంలో ఆంగ్ల సాహిత్యం చదువుతున్నాను. అమెరికా తొలినాటి సాహిత్య పత్రికల ప్రస్తావన వచ్చినప్పుడల్లా 'నార్త్ అమెరికన్ రివ్యూ' పేరు వినిపిస్తోంది. అది ఎలా మొదలైంది? మధ్యలో ఆగిపోయిందంటారు, నిజమేనా?
— ఒక విద్యార్థిని, తిరుపతి

జవాబు: అమెరికాలో పత్రికలు అంతకు చాలా ముందే పుట్టాయి. 1741లో ఫిలడెల్ఫియాలో ఆండ్రూ బ్రాడ్‌ఫర్డ్, బెంజమిన్ ఫ్రాంక్లిన్ కొద్ది రోజుల తేడాతో చెరొక మాసపత్రిక ప్రారంభించారు గాని, రెండూ ఆ ఏడాది దాటలేదు. మీరడిగిన పత్రికను 1815 మే నెలలో బోస్టన్‌లో విలియం ట్యూడర్ స్థాపించారు. దేశం స్వతంత్రమై మూడు దశాబ్దాలు గడిచినా, సాహిత్యంలో మంచిచెడ్డల తీర్పు కోసం అక్కడి చదువరులు ఇంగ్లండు వైపే చూస్తున్న కాలమది. అమెరికా పుస్తకాన్ని ఎవరు చదువుతారని 1820లో ఆంగ్ల రచయిత సిడ్నీ స్మిత్ 'ఎడిన్‌బరో రివ్యూ' అనే బ్రిటిష్ పత్రికలో ఎత్తిపొడిచాడంటే ఆ చిన్నచూపు ఎంతటిదో ఊహించవచ్చు. దానికి దీటుగా సొంత విమర్శను, సొంత రచనను నిలబెట్టాలన్నదే ఈ పత్రిక పూనిక.

నా దృష్టిలో ఆ పూనిక ఫలించింది 1817 సెప్టెంబరు సంచికలో. విలియం కల్లెన్ బ్రయంట్ ఇంచుమించు పదిహేడేళ్ల వయసులో మృత్యువు గురించి రాసి పక్కన పడేసిన పద్యాలను, వైద్యుడైన అతని తండ్రి బోస్టన్‌కు చేర్చారు. సంపాదకవర్గంలోని రిచర్డ్ హెన్రీ డేనా వాటిని విని, ఇంతటి కవిత అట్లాంటిక్‌కు ఈవల, అంటే అమెరికాలో, ఎవరూ రాయలేరని సందేహించారు. తరువాత అది తండ్రి రచన అనుకున్నారు. 'థానటాప్సిస్' పేరుతో అచ్చయిన ఆ కవిత అమెరికా కవిత్వానికి గౌరవం తెచ్చింది. నేడు మనం చదివే పాఠంలోని ఆరంభ, ముగింపు పంక్తులను బ్రయంట్ 1821లో చేర్చాడు. విద్యార్థిగా ఉండగానే 'ముసలమ్మ మరణం' రాసిన కట్టమంచి రామలింగారెడ్డి పుట్టిన చిత్తూరు సీమవారికి, చిన్న వయసు కవి ప్రతిభను గుర్తించడం ఎంత విలువైనదో వేరే చెప్పనక్కరలేదు.

ఆ తరువాత ఎడ్వర్డ్ ఎవరెట్, జారెడ్ స్పార్క్స్, జేమ్స్ రస్సెల్ లోవెల్, హెన్రీ ఆడమ్స్ వంటివారు సంపాదకులయ్యారు. 1878లో పత్రిక న్యూయార్క్‌కు తరలింది.

ఆగిపోయిన మాట నిజమే. 1940లో మూతపడి, 1964లో అయోవా రాష్ట్రంలోని కార్నెల్ కళాశాలలో తిరిగి మొదలై, 1968లో నార్తర్న్ అయోవా విశ్వవిద్యాలయం చేతికి వచ్చింది. పంతొమ్మిదో శతాబ్దపు సంచికలు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. ముందుగా 1817 సెప్టెంబరు సంచిక తెరిచి, ఆ కవిత తొలి రూపాన్ని మీ పాఠ్యపుస్తకంలోని పాఠంతో పక్కపక్కన పెట్టి చదవండి.