కరోనర్ విచారణలో తప్పు ఎవరిదో ఎందుకు తేల్చరు?

ఇంగ్లండ్, వేల్స్‌లలో మరణం హింసాత్మకమైనా, అసహజమైనా, కారణం తెలియనిదైనా, లేదా నిర్బంధంలో సంభవించినా కరోనర్, అంటే అలాంటి మరణాలపై విచారణ జరిపే న్యాయాధికారి, దర్యాప్తు చేపట్టవలసి ఉంటుంది. పోస్టుమార్టంలో సహజ కారణం స్పష్టమైతే చాలా సందర్భాల్లో వ్యవహారం అక్కడితో ముగుస్తుంది. లేనిపక్షంలో ఇంక్వెస్ట్, అంటే బహిరంగ విచారణ, జరుగుతుంది.

2009 నాటి చట్టం ప్రకారం ఈ విచారణ తేల్చవలసినవి మరణించినది ఎవరు, ఎప్పుడు, ఎక్కడ, ఎలా అన్న నాలుగు విషయాలు మాత్రమే. ఫలానా వ్యక్తి నేరం చేశాడని గానీ, ఎవరైనా పరిహారానికి బాధ్యులని గానీ ధ్వనించేలా తీర్పు రాయకూడదు. అవి వేరే కోర్టులు నిర్ణయించవలసిన అంశాలు.

అయితే 'ఎలా' అన్న ప్రశ్న చిన్నది కాదు. ఆసుపత్రిలో రోగి మంచం మీద నుంచి పడి మరణించాడనుకుందాం. మంచానికి పక్క కమ్మీలు ఎత్తి ఉన్నాయా, ఆ రాత్రి వార్డులో నర్సులు ఎందరున్నారు, రోగి గంట నొక్కాక ఎంతసేపటికి వచ్చారు అన్నవన్నీ సాక్షులను అడగవచ్చు. న్యాయవాది లేకపోయినా కుటుంబసభ్యులే స్వయంగా ప్రశ్నించవచ్చు. నా దృష్టిలో ఈ విచారణకున్న అసలు విలువ ఇదే.

అలాంటి ప్రమాదం మళ్లీ జరిగే అవకాశం కనిపిస్తే కరోనర్ సంబంధిత సంస్థకు నివేదిక పంపాలి, ఆ సంస్థ 56 రోజుల్లోగా సమాధానమివ్వాలి. కానీ సూచించిన మార్పును అమలు చేయించే అధికారం కరోనర్‌కు లేదు. ఈ లోపాన్ని తప్పక సరిదిద్దాలి.