తాతగారి ప్లేట్లు గరగరమంటున్నాయా? ముందు స్పిరిట్ పక్కన పెట్టండి

తాతగారి పెట్టెలో దొరికిన గ్రామఫోన్ రికార్డుల్లో ఎల్పీలు (నిమిషానికి 33 చుట్లు తిరిగే ప్లాస్టిక్ ప్లేట్లు) బాగానే పాడుతున్నాయనీ, బరువుగా ఉన్న 10 అంగుళాలవి మాత్రం గరగరమంటున్నాయనీ, స్పిరిట్‌తో తుడవచ్చా అనీ అడిగారు. వద్దండీ! లేబుల్ మీద 78 అని (అంటే నిమిషానికి 78 చుట్లు) ఉంటే అవి దాదాపుగా లక్కతో చేసినవే. స్పిరిట్ తగిలితే లక్క కరిగిపోతుంది. నేనూ ఒకటి అలాగే పాడు చేసుకున్నాను.

గరగరకు దుమ్ము ఒక్కటే కారణం కాకపోవచ్చు. 78 ప్లేటు గాడి ఎల్పీ గాడి కంటే మూడు, నాలుగు రెట్లు వెడల్పు. ఎల్పీ ముల్లు అందులో అడుగుకంటా దిగిపోయి అక్కడి దుమ్మునంతా గీకుతుంది. ప్లేయర్‌లో 78 స్పీడ్ ఉన్నంత మాత్రాన సరిపోదు, 78 ముల్లు వేరే కొనాలి. మీ ప్లేయర్ కార్ట్రిడ్జ్ (ముల్లు బిగించే భాగం) మోడల్‌కు అది దొరుకుతుందో లేదో ముందు కనుక్కోండి.

శుభ్రానికి డిస్టిల్డ్ వాటర్‌లో ఒక్క చుక్క గిన్నెల సబ్బు చాలు. మెత్తటి గుడ్డతో గాడి వెంబడే తుడవండి, అడ్డంగా వద్దు. లేబుల్ తడవకూడదు. ఆరాక నిలబెట్టి పెట్టండి, ఒకదాని మీద ఒకటి పేర్చకండి.

ఇక కొత్తవి కొనాలంటే, అట్ట చూసి మురిసిపోకుండా ప్లేటును వెలుతురుకు ఏటవాలుగా పట్టి చూడండి. గోటికి తగిలే గీత ఉంటే వదిలేయండి.